దవాఖాన సిబ్బందికి సొంతంగా ఈ-లెర్నింగ్ పాఠాలు: టాపిక్ ఎంపిక నుంచి రికార్డుల దాకా

నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి వైపు మధ్యస్థాయి దవాఖానలు నడిపేవాళ్లు, వాటిలో పనిచేసే నర్సింగ్ సూపరింటెండెంట్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఒకటుంది. “ట్రైనింగ్ క్లాసు పెడితే సగం మంది డ్యూటీలో ఉంటారు, మిగతావాళ్లు నైట్ దిగి నిద్రలో ఉంటారు. ఫోన్లో చూసుకునేలా మనమే పాఠాలు చేసుకోవచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి?”

చేసుకోవచ్చు. ఒక మంచి ఫోన్, చొక్కాకు పెట్టుకునే చిన్న మైక్, ఒక కంప్యూటర్ కావాలి. వారానికి కొన్ని గంటలు ఇవ్వగల ఇద్దరు ముగ్గురు మనుషులు కూడా కావాలి. ఆ గంటలను మేనేజ్‌మెంట్ డ్యూటీ రోస్టర్‌లో చూపించాలి. “ఖాళీ ఉన్నప్పుడు చేయండి” అంటే ఆ పని ఎప్పటికీ కాదు.

ఇక్కడ ఒకే ఉదాహరణ పట్టుకుని చెబుతాను: వాడిన సూది. ప్రతి దవాఖానలోనూ ఉండే సమస్య ఇది. తప్పు జరిగితే దెబ్బ తగిలేది మన సిబ్బందికే.

1. టాపిక్ రాసే ముందు వార్డులో తిరగండి

“ఇన్ఫెక్షన్ కంట్రోల్”, “పేషెంట్ సేఫ్టీ” లాంటి పెద్ద పేర్లతో మొదలుపెడితే పాఠం గంటసేపు సాగుతుంది, వార్డులో మాత్రం ఏమీ మారదు. అసలు ఎక్కడ తప్పు జరుగుతోందో ముందు కళ్లతో చూడాలి.

☐ గత ఆరు నెలల ఇన్సిడెంట్ రిజిస్టర్ తిరగేయండి. అది ఖాళీగా ఉంటే ప్రమాదాలు జరగలేదని అనుకోవద్దు. చాలాసార్లు ఎవరూ రాయలేదని అర్థం.
☐ షిఫ్ట్ మారేటప్పుడు ఒకసారి, రాత్రి రెండు గంటలప్పుడు ఒకసారి వార్డుకు వెళ్లి, వ్యర్థాలు వేసే రంగు సంచుల్లో ఏముందో చూడండి.
☐ హౌస్‌కీపింగ్ అక్కలను పక్కన కూర్చోబెట్టుకుని అడగండి: “సంచి మోసేటప్పుడు ఎప్పుడన్నా సూది గుచ్చుకున్నదా అక్కా?” రిజిస్టర్‌లో లేని సంగతులు అక్కడ బయటపడతాయి.
☐ కొత్తగా చేరిన నర్సును అడగండి: “మొదటి వారంలో ఏ పని చేయడానికి భయమేసింది?”

చూసింది చూసినట్టు రాసుకుని, దాన్ని ఒక పనిగా మార్చండి. “బయోమెడికల్ వేస్ట్ మీద అవగాహన” అంటే ఎవరు ఏం చేయాలో తెలియదు. “ఇంజెక్షన్ ఇచ్చిన మనిషే సూదికి మూత పెట్టకుండా అక్కడికక్కడే తెల్ల డబ్బాలో వేయాలి” అని రాస్తే పాఠం సగం తయారైనట్టే. ఎవరు, ఏ పని, ఎక్కడ, ఎప్పుడు అన్నవన్నీ ఆ ఒక్క వాక్యంలో ఉన్నాయి.

తర్వాత ఇంకో ప్రశ్న వేసుకోవాలి. ఆ తప్పు తెలియక జరుగుతోందా, వీలులేక జరుగుతోందా? తెల్ల డబ్బా నర్సింగ్ స్టేషన్‌లో ఉండి, పేషెంట్ మంచం వార్డు చివర ఉంటే ఎంత బాగా నేర్పినా నర్సు సూదిని ట్రేలోనే పెట్టుకుని వస్తుంది. అలాంటి చోట ముందు ట్రాలీ మీదికి డబ్బా తెప్పించండి, పాఠం ఆ తర్వాత. గ్లౌజుల స్టాక్ లేని వార్డుకు గ్లౌజుల వీడియో పంపితే సిబ్బందికి కోపమొస్తుంది. ఆ కోపంలో న్యాయముంది.

2. మన ప్రాంతం క్యాలెండర్ పక్కన పెట్టుకోండి

ఏడాది పొడవునా అవసరమైన పాఠాలు కొన్ని: చేతులు కడుక్కోవడం, సూదులు, వ్యర్థాలు, మంటలు అంటుకుంటే ఏం చేయాలి, గుండె ఆగితే ఏం చేయాలి. కొన్నింటికి మాత్రం కాలం ఉంటుంది. మన దగ్గర ఇది చాలా ముఖ్యం.

వడదెబ్బ పాఠం మార్చిలోనే అందరికీ చేరాలి. రోహిణి కార్తెలో క్యాజువాలిటీ నిండిపోయాక వీడియో చూసే తీరిక ఎవరికీ ఉండదు. శరీర ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటి, మనిషి మాట తడబడితే డాక్టరును పిలుస్తూనే బట్టలు వదులు చేసి, ఒంటిమీద నీళ్లు చల్లి, ఫ్యాన్ పెట్టడం ఎలాగో ఆ పాఠంలో చేసి చూపించాలి.

పాముకాటు పాఠం మిరుగు (మృగశిర కార్తె) కంటే ముందే రావాలి. నల్లమల అంచున ఉన్న అచ్చంపేట, అమ్రాబాద్ వైపైనా, ఆయకట్టు వరి పొలాల వైపైనా వానలు పడ్డాక కేసులు పెరుగుతాయి. ఇందులో నర్సులకు, ల్యాబ్ టెక్నీషియన్లకు తప్పకుండా నేర్పాల్సింది ఇరవై నిమిషాల రక్తం గడ్డకట్టే పరీక్ష. శుభ్రంగా, పొడిగా ఉన్న గాజు ట్యూబులో 2 మిల్లీలీటర్ల తాజా సిర రక్తం తీసుకుని, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఆ తర్వాత ఒక్కసారి వంచి, రక్తం గడ్డకట్టిందో లేదో చూడాలి. చూస్తే చిన్న పనే, తప్పులు మాత్రం బోలెడు: ప్లాస్టిక్ ట్యూబు వాడటం, డిటర్జెంటుతో కడిగిన ట్యూబు వాడటం, మధ్యమధ్యలో ఊపి చూడటం. ప్రతి తప్పునూ కెమెరాలో చూపించవచ్చు కాబట్టి వీడియోకు ఇంతకన్నా అనువైన టాపిక్ దొరకదు.

పత్తికి మందు కొట్టే రోజులకు ముందు పురుగుమందు పాఠం సిద్ధం చేయండి. గ్లౌజులు, ఏప్రన్ వేసుకుని పేషెంట్ బట్టలు తీసేయడం, ఒళ్లు, జుట్టు సబ్బునీళ్లతో కడగడం, ఆ బట్టలను సంచిలో మూటకట్టి దూరంగా పెట్టడం, మందు డబ్బా తెమ్మని ఇంటివాళ్లకు చెప్పడం, ఇవన్నీ వార్డ్ బాయ్‌లు, నర్సులు కలిసి చేసే పనులు. కాబట్టి ఇద్దరికీ ఒకే పాఠం ఉండాలి.

3. చూసేవాళ్లు ఎవరో తేల్చుకోండి

అందరికీ ఒకే వీడియో పంపడం చాలా దవాఖానల్లో కనిపించే పొరపాటు. కనీసం మూడు గుంపులుగా విడదీయండి: నర్సులు, టెక్నీషియన్లు ఒకటి. ఆయమ్మలు, వార్డ్ బాయ్‌లు, హౌస్‌కీపింగ్ ఒకటి. రిసెప్షన్, సెక్యూరిటీ, బిల్లింగ్ ఒకటి.

ప్రతి గుంపు గురించి ఇవి రాసుకోండి:

☐ ఎంతమంది దగ్గర స్మార్ట్‌ఫోన్ ఉంది? ఇంట్లో పిల్లలతో పంచుకునే ఫోనా, సొంతమా?
☐ చదవడం వచ్చా? ఏ భాష సులువు?
☐ షిఫ్ట్‌లో ఏ గంట కాస్త ఖాళీగా ఉంటుంది?
☐ డేటా ఎవరిది?

భాష సంగతి తేలిగ్గా తీసుకోకండి. నారాయణపేట, మక్తల్ వైపు కన్నడ ఇంటిభాషగా ఉన్నవాళ్లుంటారు. మహబూబ్‌నగర్ టౌన్‌లో ఉర్దూ వాళ్లు, దేవరకొండ చుట్టుపక్కల తండాల నుంచి వచ్చేవాళ్లు ఉంటారు. కేరళ నుంచి వచ్చిన నర్సులకు తెలుగు మాట అర్థమైనా తెలుగు రాత రాకపోవచ్చు. అందుకే తెర మీద రాత తక్కువగా పెట్టి, చేసి చూపించడం ఎక్కువగా పెట్టుకోవాలి. ఒకే వీడియోకు వేరే భాషలో గొంతు కలపడం అప్పుడు తేలికవుతుంది.

ఇక డేటా, సమయం. డ్యూటీ దిగి, బస్సెక్కి, ఇంటికెళ్లి వంట చేసుకున్నాక సొంత డేటాతో పాఠం చూడమనడం అన్యాయం. నేర్చుకోవడం డ్యూటీలో భాగం. షిఫ్ట్‌లో పదిహేను నిమిషాలు కేటాయించండి, దవాఖాన వైఫై ఇవ్వండి. ఫోన్ లేనివాళ్ల కోసం నర్సింగ్ స్టేషన్‌లో ఒక ట్యాబ్ పెట్టండి. ఇందులో పొదుపు చేస్తే మిగతా శ్రమంతా దండగ.

4. డాక్టరుతో ముందే చదివించి సంతకం తీసుకోండి

వీడియో అయ్యాక చూపిస్తే డాక్టరు “ఇక్కడ డోసు తప్పు” అంటారు, మళ్లీ షూటింగ్ చేయాలి. స్క్రిప్ట్ కాగితం మీద ఉన్నప్పుడే సంబంధిత డాక్టరు, ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు, నర్సింగ్ సూపరింటెండెంట్ చదివి సంతకం పెట్టాలి. మీ దవాఖాన రాతపూర్వక విధానం ఒకటి, పాఠం ఒకటి చెబితే సిబ్బంది రెండింటినీ నమ్మరు. తేడా కనిపిస్తే ముందు విధానాన్ని సరిచేయండి.

సూది పాఠానికి మా స్క్రిప్ట్‌లో ఉండాల్సిన అసలు విషయాలు ఇవి. బయోమెడికల్ వేస్ట్ నిర్వహణ నియమాలు, 2016 ప్రకారం:

☐ సూదులు, బ్లేడ్లు: గుచ్చుకోని తెల్ల డబ్బా.
☐ ఐవీ సెట్లు, గొట్టాలు, యూరిన్ బ్యాగులు, గ్లౌజులు, సూది తీసేసిన సిరంజీలు: ఎర్ర సంచి.
☐ రక్తం అంటిన దూది, కట్లు, కాన్పు తర్వాత వచ్చే మాయ: పసుపు సంచి.
☐ గాజు వయల్స్, ఆంప్యూల్స్: నీలి గుర్తు ఉన్న డబ్బా.

గుచ్చుకున్న తర్వాత చేయాల్సింది వేరే పాఠం. సబ్బు, పారే నీళ్లతో కడగాలి. పిండకూడదు, వేలు నోట్లో పెట్టుకోకూడదు. వెంటనే డ్యూటీ డాక్టరుకు చెప్పాలి. హెచ్‌ఐవీ నివారణ మందులు అవసరమని డాక్టరు అంటే వీలైతే 2 గంటల్లో, ఎట్టి పరిస్థితిలోనూ 72 గంటలు దాటకుండా మొదలుపెట్టి 28 రోజులు వాడాలి.

5. ఒక పాఠం, ఒక పని

మూడు నుంచి ఐదు నిమిషాలు. అంతకు మించితే ఇంకో పాఠంగా విడగొట్టండి. సూది టాపిక్ నాలుగు ముక్కలవుతుంది: ఇంజెక్షన్ అయ్యాక సూది ఎక్కడికి, డబ్బా ఎప్పుడు మూయాలి, సంచి మోసేవాళ్లు ఏం చూసుకోవాలి, గుచ్చుకుంటే ఏం చేయాలి. మూడో ముక్క ఆయమ్మలకు, హౌస్‌కీపింగ్‌కు, మొదటి రెండూ నర్సులకు, నాలుగోది అందరికీ.

6. స్క్రిప్ట్ రాయడం

తొందరపడకూడని మెట్టు ఇదే. పుస్తకాల తెలుగులో రాస్తే వినేవాళ్లు మొదటి నిమిషంలోనే వదిలేస్తారు. “వ్యర్థ పదార్థములను నిర్దేశిత పాత్రలయందు విసర్జించవలెను” అని వార్డులో ఎవరూ మాట్లాడరు. మీ హెడ్ సిస్టర్ కొత్త పిల్లకు ఎలా చెబుతుందో విని అలాగే రాయండి. సిరంజీ, డ్రిప్, క్యాన్యులా, డ్రెస్సింగ్ లాంటి మాటలను అలాగే ఉంచండి. వాటికి తెలుగు వెతికితే ఎవరికీ అర్థం కాదు.

కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేయండి. ఎడమవైపు కెమెరాకు కనిపించేది, కుడివైపు వినిపించేది. హౌస్‌కీపింగ్ పాఠంలో ఒక ముక్క ఇలా ఉంటుంది:

కనిపించేది: ఎర్ర సంచి, దగ్గరగా. సంచిలోంచి సూది మొన పొడుచుకొచ్చి ఉంది. ఆయమ్మ చెయ్యి ఆగింది.
వినిపించేది:
ఆయమ్మ: “సిస్టర్, గిట్ల చూడుండ్రి. సంచిల సూది ఉన్నది.”
సిస్టర్: “మంచిగ చూసినవ్ అక్కా. ముట్టుకోకు, సంచిని అట్లనే ఉంచు. నేను వస్తున్న.”

కనిపించేది: సిస్టర్ గ్లౌజులు వేసుకుని, పట్టుకారుతో సూది తీసి తెల్ల డబ్బాలో వేసింది.
వినిపించేది: “సంచిలో సూది కనబడితే చెయ్యి పెట్టొద్దు. సంచిని కాలితో తొక్కి అణచొద్దు. ఇన్‌చార్జి సిస్టర్‌ను పిలవండి. మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు.”

ఆ చివరి వాక్యం చాలా అవసరం. తిడతారన్న భయంతోనే చాలామంది చెప్పకుండా ఊరుకుంటారు. అయితే వార్డులో నిజంగా తిట్టే అలవాటుంటే ఆ వాక్యం అబద్ధమవుతుంది. స్క్రిప్ట్ చేతికి తీసుకునే ముందే ఇన్‌చార్జిలందరితో ఈ మాట మాట్లాడుకోండి.

రాసిన స్క్రిప్ట్‌ను ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి గట్టిగా చదవండి. ఊపిరి ఆగిన చోట వాక్యాన్ని విరవండి. ఒక వాక్యంలో రెండు పనులు ఉంటే రెండు వాక్యాలు చేయండి. “ఏం చేయకూడదు” అన్నది చెప్పిన ప్రతిచోటా “ఏం చేయాలి” అన్నది వెంటనే రావాలి.

స్క్రిప్ట్ పూర్తయిందనుకునే ముందు:

☐ మొదటి ఇరవై సెకన్లలో సమస్య కనిపించిందా?
☐ నియమాల, సెక్షన్ల నంబర్లు తీసేశామా?
☐ డాక్టరు, ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు సంతకాలు, తేదీ ఉన్నాయా?
☐ ఒక ఆయమ్మకు చదివి వినిపిస్తే తిరిగి చెప్పగలిగిందా?

7. షూటింగ్

ఫోన్‌ను నిలువుగా పెట్టి తీయండి. మన సిబ్బంది ఫోన్ పట్టుకునేది అలాగే. చేతులు చేసే పనిని భుజం వెనక నుంచి తీస్తే చూసేవాళ్లకు తమ చేతుల్లాగే కనిపిస్తుంది. ట్రైపాడ్ తప్పనిసరి.

పేషెంట్లను అసలు చూపించకండి. అనుమతి ఇచ్చినా వద్దు. మంచం మీద పడుకున్న మనిషి “వద్దు” అని చెప్పగల స్థితిలో ఉన్నాడా లేదా అన్నది మనం తేల్చలేం. స్టాఫ్‌లో ఒకరిని పడుకోబెట్టి తీయండి. వెనకాల బోర్డు మీద బెడ్ నంబర్ల పక్కన పేర్లు, కేస్‌షీట్, ఎక్స్‌రే ఫిల్మ్ మూల మీద పేరు, చేతికి కట్టిన పట్టీ, కంప్యూటర్ తెర, వీటిలో ఏదైనా ఫ్రేములో ఉందేమో ప్రతి షాట్‌కూ ముందు చూసుకోవాలి. నటించే సిబ్బంది నుంచి కూడా రాతపూర్వక అనుమతి తీసుకోండి. వాళ్లు ఉద్యోగం మానేశాక కూడా వీడియో వాడుకోవచ్చా లేదా అన్నది అందులోనే ఉండాలి.

బొమ్మ కాస్త మసకగా ఉన్నా చూస్తారు కానీ మాట వినపడకపోతే ఎవరూ చూడరు. ఫ్యాన్, ఏసీ, జనరేటర్ మోత లేని చోటు కావాలి. వ్యాఖ్యానాన్ని విడిగా లినెన్ స్టోర్‌లో రికార్డు చేయండి. దుప్పట్లు, బెడ్‌షీట్లు ప్రతిధ్వనిని మింగేస్తాయి, స్టూడియో అవసరం లేదు. ఓపీ తగ్గాక మధ్యాహ్నం పూట వార్డు షాట్లు తీసుకోండి.

ఇంకో మాట. వీడియోలో కనిపించే ప్రతి చెయ్యీ సరైన పనే చేయాలి. ఉంగరం, గాజులు, వాచీతో చేతులు కడుక్కోవడం చూపిస్తే మీరు చెప్పింది కాదు, చూపించిందే సిబ్బంది నేర్చుకుంటారు. ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు షూటింగ్ దగ్గరే నిలబడాలి.

8. ఎడిటింగ్

ఉచిత యాప్‌లు సరిపోతాయి. గొంతు శుభ్రం చేయడానికి ఆడాసిటీ, ఫైల్ సైజు తగ్గించడానికి హ్యాండ్‌బ్రేక్, కంప్యూటర్ తెర రికార్డు చేయడానికి ఓబీఎస్ స్టూడియో ఉన్నాయి. 480పీ రిజల్యూషన్‌లో ఐదు నిమిషాల వీడియో ముప్పై ఎంబీ లోపు ఉండేలా చూడండి. బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ వద్దు. తెర మీద ఒకేసారి ఒక్క లైను, పెద్ద అక్షరాల్లో. మొదటి ఫ్రేములోనూ చివరి ఫ్రేములోనూ పాఠం తయారైన నెల, సంవత్సరం వేయండి.

9. ప్రశ్నలు రాయడం

వీడియో కంటే ప్రశ్నలకే ఎక్కువ ఆలోచన కావాలి. “బయోమెడికల్ వేస్ట్ నియమాలు ఏ సంవత్సరంలో వచ్చాయి?” అని అడిగితే జ్ఞాపకశక్తి బయటపడుతుంది కానీ వార్డులో ఆ మనిషి ఏం చేస్తుందో తెలియదు. పని మధ్యలో నిలబెట్టి అడగాలి:

“రాత్రి రెండు గంటలు. డ్రిప్ తీసేటప్పుడు సూది మీ వేలికి గుచ్చుకుంది. రక్తం వచ్చింది. ఏం చేస్తారు?”
అ) వేలు గట్టిగా పిండి, స్పిరిట్ పోసి, ప్లాస్టర్ వేసుకుంటాను.
ఆ) సబ్బు, పారే నీళ్లతో కడిగి, డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేస్తాను.
ఇ) కడిగేసి, పొద్దున ఇన్‌చార్జి మేడం రాగానే చెబుతాను.

తప్పు జవాబులను ఊహించి రాయకండి. సిబ్బంది నిజంగా చేసే తప్పులే అక్కడ ఉండాలి. మొదటి మెట్టులో వార్డులో తిరిగి రాసుకున్నది ఇప్పుడు పనికొస్తుంది. ప్రతి తప్పు జవాబుకూ కారణం చెప్పాలి. “ఇ” నొక్కినవాళ్లకు: “మందులు అవసరమైతే మొదటి 2 గంటల్లో మొదలుపెట్టడం మేలు. పొద్దున దాకా ఆగొద్దు. రాత్రయినా ఫోన్ చేయండి.” ఉట్టి “తప్పు” అనే ఎర్ర గుర్తుతో ఎవరూ ఏమీ నేర్చుకోరు.

ఐదు ప్రశ్నలు చాలు. నూటికి ఎనభై వస్తే పాస్ అనే పద్ధతి నాకు నచ్చదు. ప్రాణానికి, ఆరోగ్యానికి సంబంధించిన ప్రశ్న తప్పితే మిగతా నాలుగూ సరైనా మళ్లీ చూడాలి. అలాంటి ప్రశ్న ఏదో ముందే గుర్తు పెట్టుకోండి.

సరైన జవాబు ఎప్పుడూ పొడవుగా ఉండటం, ఎప్పుడూ “ఆ” కావడం, “పైవన్నీ” అని పెట్టడం, ఈ మూడూ మానండి. చదవలేనివాళ్లకు బొమ్మల ప్రశ్నలు పెట్టాలి. నాలుగు రంగుల సంచులు, పక్కన వస్తువుల ఫోటోలు ఉంటాయి, వేలితో లాగి సరైన సంచిలో వేయాలి. హెచ్5పీ అనే ఉచిత సాధనంతో ఇలాంటివి చేసుకోవచ్చు. అదీ కష్టమైతే నిజమైన సంచులు ముందుపెట్టి, ఖాళీ గ్లౌజు, ఖాళీ డ్రిప్ సెట్ చేతికిచ్చి ఇన్‌చార్జి సిస్టరే పరీక్షించవచ్చు.

10. ఎక్కడ పెట్టాలి?

యాభై మంది లోపు సిబ్బంది ఉంటే వాట్సాప్‌లో వీడియో, గూగుల్ ఫామ్‌లో ప్రశ్నలు పెట్టి మొదలుపెట్టండి. ఆలస్యం లేకుండా పని నడుస్తుంది. ఎవరు ఎంతవరకు చూశారో తెలియదు, పాత వీడియోలు తిరుగుతూనే ఉంటాయి అన్నవి దీని లోపాలు.

అంతకంటే ఎక్కువ మంది ఉంటే మూడిల్ అనే ఆన్‌లైన్ పాఠాల సాఫ్ట్‌వేర్ పెట్టుకోవచ్చు. అది ఉచితం. హోస్టింగ్‌కు, దాన్ని అప్‌డేట్ చేస్తూ బ్యాకప్ తీసే మనిషికి మాత్రం ఖర్చవుతుంది. దాని మొబైల్ యాప్‌లో పాఠాన్ని ముందే దించుకుని, నెట్ లేని చోట చూడవచ్చు. సిగ్నల్ అందని ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకు ఇది నిజమైన సాయం. లాగిన్ ఉద్యోగి నంబరుతో ఇవ్వండి, ఫోన్ నంబరుతో వద్దు. ఫోన్ నంబర్లు మారిపోతాయి.

ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను కంపెనీ దగ్గర కొంటే సంతకం పెట్టే ముందు రెండు మాటలు రాయించుకోండి: మన పాఠాలు స్కార్మ్ ఫైళ్లుగా (వేరే ఈ-లెర్నింగ్ సాఫ్ట్‌వేర్‌లోనూ నడిచే రూపంలో) తిరిగివ్వాలి, సిబ్బంది రికార్డులు ఎక్సెల్‌లో ఎప్పుడడిగితే అప్పుడు ఇవ్వాలి.

11. అందరికీ పంపే ముందు ట్రయల్

ఒక కొత్త నర్సు, ఒక సీనియర్ నర్సు, ఒక ఆయమ్మ, ఒక వార్డ్ బాయ్. ఒక్కొక్కరి చేతికి వాళ్ల ఫోనే ఇచ్చి, పక్కన కూర్చుని చూడండి. సాయం చేయకండి. వేలు ఎక్కడ తడబడింది, ఎక్కడ వెనక్కి తిప్పారు, ఏ ప్రశ్నకు మీ మొహం చూశారు అన్నవి రాసుకోండి. చివర్లో “బాగుందా?” అని అడిగితే అందరూ బాగుందనే అంటారు. “ఇప్పుడు నాకు చేసి చూపించు” అని అడగండి.

12. చేతులతో చేయించి సంతకం పెట్టండి

ఫోన్ పాఠం ఇక్కడితో ఆగుతుంది. గుండె ఆగిన మనిషికి ఛాతీ మీద నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు నొక్కాలని వీడియో చెబుతుంది. కానీ ఆ లోతు ఎంతో బొమ్మ మీద నొక్కితేనే చేతికి తెలుస్తుంది. కాబట్టి చేతి పని ఉన్న ప్రతి పాఠానికీ ఒక చిన్న చెక్‌లిస్ట్ జోడించండి. ఇన్‌చార్జి వార్డులో నిలబడి చూసి టిక్ పెట్టాలి. సూది పాఠానికి:

☐ డబ్బాను చేతికందే దూరంలో పెట్టుకుంది
☐ మూత తిరిగి పెట్టలేదు
☐ తానే వేసింది, ఇంకొకరి చేతికి ఇవ్వలేదు
☐ డబ్బా ముప్పావు నిండితే మూసి, కొత్తది పెట్టింది
☐ గ్లౌజులు తీసి, చేతులు శుభ్రం చేసుకుంది

చేతులు శుభ్రం చేసుకోవడానికి ఎంతసేపు పడుతుందో కూడా చూడండి. హ్యాండ్‌రబ్ అయితే 20 నుంచి 30 సెకన్లు, సబ్బునీళ్లయితే మొత్తం 40 నుంచి 60 సెకన్లు.

ఫోన్ పరీక్ష పాసై, చేతి పని సంతకం లేకపోతే ఆ పాఠం పూర్తి కానట్టే లెక్క.

13. తరచూ వచ్చే చిక్కులు

వీడియో నడిపించి ఫోన్ పక్కన పెడుతున్నారు. మధ్యలో ఒక ప్రశ్న పెట్టండి, జవాబిస్తేనే ముందుకు కదలాలి. అయినా అలాగే జరుగుతుంటే పాఠం పొడవు తగ్గించండి.

ఒకరి పరీక్ష ఇంకొకరు రాస్తున్నారు. తిట్టే ముందు కారణం కనుక్కోండి. చాలాసార్లు చదవడం రాకపోవడమో, ఫోన్ వాడటం రాకపోవడమో ఉంటుంది. వాళ్లకు ట్యాబ్ మీద పక్కన కూర్చుని చేయించండి.

డాక్టర్లు చూడటం లేదు. వాళ్లను చూసేవాళ్లుగా కాక, పాఠంలో మాట్లాడేవాళ్లుగా పిలవండి. తన గొంతు ఉన్న పాఠాన్ని ఏ డాక్టరైనా తన వార్డులో అమలు చేయిస్తారు.

మార్కులు బాగున్నాయి, సంచులు మారలేదు. మార్కులు చూడటం ఆపి సంచులు చూడండి. పాఠానికి ముందు ఒక వారం, తర్వాత ఒక వారం, ఒకే వేళకు ఒకే వార్డుల్లో తెల్ల డబ్బాలు, ఎర్ర సంచులు తనిఖీ చేసి రాసుకోండి. మారకపోతే మళ్లీ మొదటి మెట్టుకు వెళ్లి, డబ్బా ఎక్కడుంది, స్టాక్ ఉందా, ఒక్క నర్సు మీద ఎంతమంది పేషెంట్లు ఉన్నారు అన్నవి చూడండి.

పాఠం తర్వాత సూది గుచ్చుకున్న కేసులు పెరిగాయి. మేనేజ్‌మెంట్ టెన్షన్ పడేది ఇక్కడే. ముందు దాచినవాళ్లు ఇప్పుడు చెబుతున్నారన్నదే దీనికి తరచూ కనిపించే కారణం. చెప్పినవాళ్లకు మెమో ఇస్తే రిజిస్టర్ మళ్లీ ఖాళీ అవుతుంది. ఈ విషయం పాఠం విడుదలకు ముందే మేనేజ్‌మెంట్‌కు చెప్పి ఉంచండి.

14. రికార్డులు, మార్పులు

బయోమెడికల్ వేస్ట్ నియమాల ప్రకారం సిబ్బందికి చేరినప్పుడు ఒకసారి, ఆ తర్వాత కనీసం ఏడాదికోసారి శిక్షణ ఇవ్వాలి. ఎంతమందికి ఇచ్చారో, ఎంతమందికి ఇవ్వలేదో వార్షిక నివేదికలో చూపాలి. అందుకే ఒకే షీట్‌లో ఉద్యోగి నంబరు, పాఠం పేరు, ఆ పాఠం తయారైన తేదీ, పరీక్ష తేదీ, చేతి పని సంతకం తేదీ ఉండేలా పెట్టుకోండి. ప్రసూతి సెలవులో ఉన్నవాళ్లు, ఏజెన్సీ ద్వారా వచ్చిన హౌస్‌కీపింగ్, ట్రైనీ నర్సులు ఈ షీట్‌లో జారిపోతుంటారు. నెలకోసారి జీతాల జాబితాతో, ఏజెన్సీ హాజరు పట్టీతో సరిచూడండి.

ప్రతి పాఠానికీ ఒక యజమాని ఉండాలి, మళ్లీ చూడాల్సిన నెల రాసి ఉండాలి. ప్రొటోకాల్ మారిన రోజే పాత వీడియోను మూడిల్ నుంచి తీసేసి, వాట్సాప్ గ్రూపులో “ఈ నెలకు ముందు తేదీ ఉన్న వీడియో వాడొద్దు” అని పెట్టండి. మొదటి ఫ్రేములో తేదీ వేయమన్నది ఇందుకే.

ఎడిటింగ్ అసలు ఫైళ్లు, విడి గొంతు రికార్డింగులు, సంతకాలున్న స్క్రిప్ట్‌లు రెండు చోట్ల దాచండి. మూడిల్, గూగుల్ ఖాతాలు ఎవరి సొంత మెయిల్ మీదా ఉండకూడదు, దవాఖాన మెయిల్ మీదే ఉండాలి. పాస్‌వర్డులు కనీసం ఇద్దరి దగ్గర ఉండాలి. పాఠాలు చేసే మనిషి ఉద్యోగం మారితే, ఆఖరి పని రోజుకు ముందే కొత్త మనిషితో ఒక పాఠాన్ని మొదటి నుంచి చివరి దాకా చేయించండి.